ఉడుతల అంచు

నాజియాకు చేతిలో బొమ్మ గీసే విద్య ఉంది, తలలో నిలకడ లేదు అని పెనుకొండలో వాళ్ల వీధి వాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు సంగతి ఆమెకు పదేళ్ల వయసులోనే తెలుసు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా దాన్ని తప్పని చూపించలేకపోయింది.

వాళ్ల నాయన బుడన్‌సాబ్ పరుపులు కుట్టేవాడు. ఆయన దూది ఏకి, గుడ్డ పరిచి, సూదిలో దారం ఎక్కించుకునే లోపల కూతురు సుద్దముక్కతో ఆ గుడ్డ మీద తీగలూ పిట్టలూ గీసేసేది. ఆయన నవ్వి ఆ గీతల మీదుగానే కుట్టేవాడు. తల్లి జమ్రూద్ మాత్రం విసిగిపోయేది. పాలు చూడమని పొయ్యి దగ్గర కూర్చోబెడితే, అవి పొంగి వచ్చే తీరు చూస్తూ పొంగిపోనిచ్చేది. ఉప్పు తెమ్మని పంపితే గంట తర్వాత వట్టి చేతులతో వచ్చి, గొర్రెల మంద సందు మలుపులో ఎట్లా రెండుగా చీలిందో చెప్పేది. పదో తరగతి లెక్కల పరీక్షలో మొదటి పేజీలో అడిగినవన్నీ తప్పులేకుండా చేసి, ప్రశ్నపత్రానికి వెనక వైపు కూడా ఉందని చూసుకోలేదు. రెండోసారి రాయబోతే హాల్‌టికెట్ ఇంట్లో మరిచిపోయింది. పరుగెత్తి తెచ్చుకునేసరికి గేటు మూసేశారు.

"తెలివుండాది, బద్ధకం ఎక్కువ," అన్నారు పంతుళ్లు.

ఆ మాట నాజియాకు అర్థమయ్యేది కాదు. ఆమెకు తెలిసినంతవరకు తను పొద్దున లేచిన దగ్గర్నుంచి పరుగెత్తుతూనే ఉండేది. ఎక్కడికీ చేరేది కాదు, అంతే.

1997లో ధర్మవరంలో ముప్పై మగ్గాలున్న పుల్లయ్య ఇంట్లో పెళ్లికి పరుపులు కావాలంటే, బుడన్‌సాబ్ వాటిని లగేజీ ఆటోలో వేసుకుని కూతుర్ని తోడు తీసుకెళ్లాడు. పరుపులు దించుతుంటే నాజియా అరుగు మీద కూర్చుని, ఎదురింటి ఎద్దు మెడలో ఉన్న గంటల పట్టీని పాత క్యాలెండరు వెనక గీస్తూ ఉంది. పుల్లయ్య చీరలకు డిజైన్లు వేసే ఉలిగప్ప అది చూసి ఆగాడు. ఆయనకు అప్పటికే అరవై దాటాయి.

"ఎవరు నేర్పించినారు పాపా?"

"ఎవరూ లేదు తాతా."

ఉలిగప్ప ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బుడన్‌సాబ్ వైపు తిరిగి, "ఏమప్పా, ఈ పాపను నా దగ్గరికి పనికి పంపిస్తావా? నా కండ్లు మునుపటి మాదిరి లేవు," అన్నాడు.

అట్లా నాజియా ధర్మవరం చేరింది. వారంలో ఆరు రోజులు ఉలిగప్ప ఇంటి ముందు గదిలో పని. వెనక వాటాలో ఉండే లక్ష్మక్క దగ్గర తిండి, పడక. శనివారం సాయంత్రం ప్యాసింజరు రైలెక్కి పెనుకొండ.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. చీర అంచులో నెమలి రావాలంటే ముందు దాన్ని గ్రాఫు కాగితం మీద గళ్లు గళ్లుగా వేయాలి. గ్రాఫులో ఒక్కో అడ్డవరసకు ఒక్కో అట్ట. వరసలో ఎక్కడ రంగు ఉందో అట్టలో అక్కడ రంధ్రం కొట్టాలి. ఆ అట్టలన్నిటినీ దారంతో వరసగా కుట్టి మగ్గం మీద తగిలిస్తే, నేసేవాడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి, ఒక వరస బొమ్మ పడుతుంది. లక్ష్మక్కది ఆ అట్టలు కుట్టే పని. ఒక అట్టలో తప్పుంటే అది ఒకచోట ఆగదు. బొమ్మ తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ తప్పూ వస్తుంది, చీర పొడుగునా.

నాజియా గీసిన నమూనాలు చూసి ఉలిగప్ప మురిసిపోయేవాడు. ఆమె నెమలి తల తిప్పి చూసేది. ఊళ్లో మిగతా నెమళ్లన్నీ నేరుగా నిలబడేవి. కానీ నమూనాను గ్రాఫులోకి దించేటప్పుడు ఆమె వరస తప్పేది. నూట పన్నెండో వరసలో ఉండగా వీధిలో ఎవరో పిలిస్తే, తిరిగి వచ్చి నూట పద్నాలుగులో కూర్చునేది. 2000లో అట్లా ఒక వరస ఎగిరిపోతే ఉలిగప్ప కూడా చూసుకోలేదు. నాలుగు చీరలు నేశాక తెలిసింది, ప్రతి నెమలికీ ముక్కు విరిగి ఉందని.

పుల్లయ్య అరవలేదు. "పూలు గీయనీ, పక్షులు గీయనీ. గ్రాఫు మాత్రం ఈ పాప చేత పట్టనీవద్దు," అని ఉలిగప్పతో చెప్పి వెళ్లిపోయాడు. ఆమె అక్కడే ఉంది. ఆయన ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

మరుసటి ఏడాది, జులైలో ఒక శనివారం, ఉలిగప్ప ఇరవై రోజులు కష్టపడి వేసిన గ్రాఫు చుట్టను ఆమె చేతికిచ్చాడు. రంగులు నింపి సోమవారం తెమ్మన్నాడు. రైల్లో ఆమె చుట్టను పక్కన పెట్టుకుని, ఎదురుగా నిద్రపోతున్న ముసలావిడ చేతి మీది పచ్చబొట్టును పుస్తకంలో గీయడం మొదలుపెట్టింది. పచ్చబొట్టు పూర్తయి తలెత్తేసరికి పెనుకొండ స్టేషను కదిలిపోతోంది. దూకేసింది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక చేతులు చూసుకుంది. బొమ్మల పుస్తకం ఉంది, చుట్ట లేదు. రైలు చివరి పెట్టె హిందూపురం వైపు వెళ్లిపోయింది.

సోమవారం ధర్మవరం వెళ్లి ఆ సంగతి చెప్పింది. ఉలిగప్ప విన్నాడు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంగొకసారి ఏసేదానికి నా కండ్లు కుదరవు పాపా," అన్నాడు. అంతే.

ఆమె మధ్యాహ్నం రైలుకే ఇంటికి వచ్చేసింది. "ఇంగ ధర్మవరం పోను నాయనా. దిండ్లు కుట్టుకుంటా ఈడనే ఉంటా," అంది. బుడన్‌సాబ్ ఒక సూదిలో దారం ఎక్కించి ఆమె చేతికిచ్చాడు. రెండు రోజులు తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుని దిండ్లు కుట్టారు.

మూడో రోజు లక్ష్మక్క ధర్మవరం నుంచి ఫోన్ చేసింది. నాయన పరుపుల అంగడి పక్కనున్న ఎస్‌టీడీ బూతు అబ్బాయి వచ్చి పిలిస్తే నాజియా వెళ్లి ఎత్తింది. చుట్ట దొరికిందట. అదే పెట్టెలో వచ్చిన మంజుల అనే ఆమెకు కనిపిస్తే హిందూపురం తీసుకెళ్లిందట. చుట్ట వెనక రాసి ఉన్న ఉలిగప్ప అడ్రసు చూసి ఆమె కార్డు రాసిందట.

"ఆయమ్మ ఏమని రాసిందో తెల్సునా? చుట్టను ఎవరు పోగొట్టుకున్నారో వాళ్లే వచ్చి తీసుకోవాల అని. ఇంగెవరికీ ఇయ్యదంట," అంది లక్ష్మక్క.

తిట్టడానికే అనుకుని నాజియా తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది.

మంజుల హిందూపురంలో ఒక పిల్లల డాక్టరు ఆసుపత్రిలో కౌన్సెలరు. మాటలు రాని పిల్లలు, చదువులో వెనకబడ్డ పిల్లలు ఆమె దగ్గరికి వస్తారు. నలభై ఏళ్లుంటాయి. బెంగళూరులో చదువుకుంది. ఆమె చుట్టను బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బొమ్మ కార్లు బరువు పెట్టి ఉంచింది. డిజైను వైపు వేలు పెట్టలేదు. గ్రాఫు అంచుల్లో, ఖాళీ జాగాలో సన్నటి పెన్సిల్ రాత ఉంది. అక్కడ వేలు పెట్టింది.

"ఇవి నువ్వు రాసినవేనా?"

నాజియా సిగ్గుపడింది. ఉలిగప్ప పక్కన కూర్చుని గళ్లు లెక్కపెట్టేటప్పుడు తనకోసం తను రాసుకున్న మాటలవి. *ఈడ ఆగినా. ఇది ఎన్నో వరస? మరిచిపోవద్దు. నాయన మందులు. మళ్ల లెక్కబెట్టు. మళ్ల. కిటికీ తట్టు చూడొద్దు.*

"నలభై ఒకటి ఉన్నాయి," అంది మంజుల. "ఇంత కష్టపడి తన వెంట తనే పరిగెత్తే మనిషిని చూడాలనిపించింది. అందుకే రమ్మన్నా."

తర్వాత ప్రశ్నలు అడిగింది. చిన్నప్పుడు బడిలో ఎట్లా ఉండేది, వస్తువులు ఎన్నిసార్లు పోతాయి, ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో ఏమవుతుంది, ఇష్టమైన పనిలో పడితే ఆకలి తెలుస్తుందా. నాజియా జవాబు చెప్పే లోపలే కొన్నిటికి బుడన్‌సాబ్ చెప్పాడు. ఒక గంట గడిచాక ఆయన మెల్లగా అడిగాడు.

"మేడమ్, మా బిడ్డకు మతి సరిగా లేదంటారా?"

"మతి బాగుండాదన్నా. ఇది వేరే. పుట్టుకతో వచ్చేది. దీనికొక పేరు ఉండాది, డాక్టరు పరీక్ష చేసి చెప్పాల." నాజియా వైపు తిరిగింది. "నీకు ధ్యాస లేక కాదు. ధ్యాస శానా ఉండాది. యాడికి పోవాల్నో నువ్వు చెప్తే అది వినదు. అది నీ తప్పు కాదు, బద్ధకమూ కాదు."

ఇంతకుముందు తిట్లు పడ్డప్పుడు ఎప్పుడూ ఏడవని నాజియా అప్పుడు ఏడ్చింది. బుడన్‌సాబ్ ఏం చేయాలో తెలియక బల్ల మీది బొమ్మ కారు ఒకటి తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

మంజుల చీటీ రాసి పంపిస్తే, బెంగళూరులో డాక్టరు రెండుసార్లు రమ్మన్నాడు. జమ్రూద్‌ను కూడా పిలిపించి కూతురి చిన్నతనం గురించి అడిగాడు. అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్ అని కాగితం మీద రాసిచ్చి, పొద్దున వేసుకోవడానికి మాత్ర ఇచ్చాడు. "మాత్రతో తలలో గోల కొంచెం తగ్గుతుంది. పని మాత్రం నువ్వే చేయాలి. దానికి దారులు వేసుకో," అని కన్నడంలో చెప్పాడు. పెనుకొండలో దిగాక జమ్రూద్, "పాలు పొంగినప్పుడల్లా నిన్ను కొట్టినా కదా," అంది. నాజియా తల్లి చేతి సంచి తను పట్టుకుంది.

మాత్ర కొంత పనిచేసింది. తిండి తగ్గింది, కానీ ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినబడసాగింది. దారులు వేసుకోవడమే పెద్ద పని అయింది.

మంజుల హిందూపురంలో కొత్తగా తెరిచిన నెట్ సెంటరులో కూర్చుని, ఇట్లాంటి వాళ్లకు పనికొచ్చేవి అని ఏ దేశం వాళ్లో రాసిన కాగితాలు ప్రింటు తీసి తెచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివారు. మంజుల ఒక్కో వాక్యం తెలుగులో చెప్పేది.

"పని చేసుకునేదానికి చప్పుడు లేని గది వేరేగా పెట్టుకోమంటాండారు."

"మా ధర్మవరం వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడే కదక్కా," అంది నాజియా. మేడమ్ అప్పటికే అక్క అయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ కాగితాల్లో సగం కొట్టేశారు. మిగతా సగాన్ని నాజియా ధర్మవరం తీసుకెళ్లింది.

ఉలిగప్ప ఆమెకు తన పక్కన చాప జరిపాడు. "వచ్చినావా? కూర్చో," అన్నాడు.

మొదట డైరీ పెట్టుకుంది. నెలలో మూడు డైరీలు పోయాయి. ఒకటి లక్ష్మక్కకు బియ్యం డబ్బాలో దొరికింది. అప్పుడు డైరీ మానేసి, వాకిలి పక్క గోడకు నల్లరంగు పూయించి, దాని మీద ఆ రోజు చేయాల్సినవి మూడే రాయడం మొదలుపెట్టింది. నాలుగోది రాయకూడదు. గోడ ఎక్కడికీ పోదు కాబట్టి అది నిలిచింది. అలారం గడియారం కొంది. నాలుగు రోజులకే అది మోగుతున్నా చెవికి ఎక్కడం మానేసింది. మంజుల బెంగళూరు నుంచి వంటింట్లో వాడే తిప్పుడు గంట ఒకటి తెచ్చిచ్చింది. ఇరవై నిమిషాలకు తిప్పితే టకటకమంటూ తిరిగి చివర ఒక్కసారి మోగుతుంది. ఆ టకటక వింటున్నంతసేపూ కాలం చేతికి తగులుతున్నట్టు ఉండేది. మోగగానే లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చి, మళ్లీ తిప్పేది.

వరస తప్పకుండా ఉండటానికి ఉపాయం కాగితాల్లో లేదు. అది ఆమే కనిపెట్టింది. పాడైన అట్ట ఒకటి తీసుకుని, ఒకే ఒక్క వరస కనిపించేంత సన్నగా చీలిక కోసింది. దాన్ని గ్రాఫు మీద పెడితే పైవరసా కిందివరసా మూసుకుపోతాయి. చూడాల్సింది ఒక్కటే మిగులుతుంది. వరస అయిపోగానే అట్టను ఒక గడి కిందికి జరిపి, పక్కన గీత పెట్టేది. ఉలిగప్ప ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "నలభై ఏండ్లు నాకిది తోచలా," అన్నాడు.

తలలోకి వచ్చే పనికిరాని ఆలోచనలకు కూడా ఒక చోటు పెట్టింది. పక్కన బిస్కెట్ల రేకు డబ్బా, చింపిన కాగితం ముక్కలు. పనిలో ఉండగా ఏది తోచినా ఒక ముక్క మీద రాసి డబ్బాలో వేసి మూత పెట్టేది. ఆదివారం ఇంటి దగ్గర వాటిని తీసి చదివేది. చాలావాటికి తనకే నవ్వొచ్చేది. కొన్నిటిలో మాత్రం కొత్త అంచులు ఉండేవి.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది లక్ష్మక్క. పక్కన ఒక మనిషి తన పని తను చేసుకుంటూ కూర్చుంటే మనసు నిలబడుతుందని ఆ కాగితాల్లో ఉంది. లక్ష్మక్కకు ఆ సంగతి చెబితే, "దానికేం, నేను యాడ కుట్టినా అట్టలే కదా," అని తన దబ్బనం, దారం తెచ్చుకుని ముందు గదిలో కూర్చుంది. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. నాజియా తల కిటికీ వైపు తిరిగితే చిన్నగా దగ్గేది.

ఇట్లా ఏడాదిన్నర గడిచింది. ఉలిగప్ప చిన్న చిన్న గ్రాఫులు ఆమె చేతికిచ్చి, తను సరిచూసి పుల్లయ్యకు పంపేవాడు. తప్పులు తగ్గాయి. అవి ఎవరు వేశారో మాత్రం పుల్లయ్యకు చెప్పలేదు.

2003 జనవరిలో పుల్లయ్యకు ఒక పెద్ద పని వచ్చింది. ఎక్కడా లేని వెడల్పాటి అంచు కావాలని ఒక పట్టుచీరల దుకాణం వాళ్లు అడిగారు. నమూనాలు పది పంపితే వాళ్లు నాజియాది ఎంచుకున్నారు. గుమ్మడితీగ మీద ఒకదాని వెంట ఒకటి పరుగెత్తే ఉడుతలు. రేకు డబ్బాలోంచి వచ్చిన ఆలోచనే అది. ఆరు వందల నలభై వరసలు. ఇరవై నాలుగు రోజుల్లో అట్టలు మగ్గం ఎక్కాలి. సరిగ్గా అప్పుడే ఉలిగప్ప కళ్లలో శుక్లాలు ముదిరాయి. డాక్టరు ఇక ఆగకూడదని ఆపరేషనుకు రమ్మన్నాడు.

పుల్లయ్య వేరే ఊరి నుంచి డిజైనరును పిలిపిస్తానన్నాడు. నాజియా ఆయన ఇంటికి వెళ్లింది. లక్ష్మక్క వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

"నేను వేస్తా, పుల్లయ్యన్నా."

"నెమళ్ల సంగతి మరిచిపోయినావా?"

"మరిచిపోలా. అందుకే ఒకేసారి ఇయ్యమని అడగలా. మూడు రోజులకొకసారి ఎనభై వరసలు, వాటి అట్టలు తెచ్చి నీ ముందర పెడతా. ఒక్క గడి తప్పున్నా ఆ పొద్దే నా చేతిలోంచి తీసుకో. నువ్వు పోగొట్టుకునేది మూడు రోజులే."

పుల్లయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో అట్లా చూడటం అదే మొదటిసారి.

"ఇట్ల లెక్కగా మాట్లాడేది ఎవరు నేర్పించినారు?"

"నాకు దూరంగా ఉండే గడువు కనపడదన్నా. దగ్గరగా ఉండేదయితే కనపడతాది."

ఆయన సరేనన్నాడు, నమ్మకంతో కాదు. మూడు రోజులే కదా అని.

మొదటి ఎనభై వరసలకూ తప్పు దొరకలేదు. రెండో ఎనభైకీ దొరకలేదు. పుల్లయ్య భూతద్దం పెట్టి గంటసేపు చూశాడు. మూడో విడతకు అరగంట చూశాడు. నాలుగో విడత రోజు బెంగళూరు నుంచి రావాల్సిన మాత్రలు రాలేదు. మందుల దుకాణంలో సరుకు లేదు, పది రోజులు పడుతుందని మంజుల ఫోన్‌లో చెప్పింది.

"పని ఆపేద్దామా?" అని అడిగింది లక్ష్మక్క.

నాజియా గోడ దగ్గరికి వెళ్లింది. మూడు పనుల్లో రెండు తుడిచేసి ఒక్కటే మిగిల్చింది. తిప్పుడు గంటను ఇరవై నుంచి పది నిమిషాలకు తగ్గించింది. చీలిక అట్టను కూడా సగానికి మూసి, ఒక వరసలో సగమే కనిపించేలా చేసింది. అది కూడా చాలదని రెండో రోజుకే తెలిసింది. చెవి ప్రతి చప్పుడు వెంటా పోతోంది. అప్పుడు లక్ష్మక్క దబ్బనం పక్కన పెట్టి, గ్రాఫు దగ్గర కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "నాలుగు నిండు, రెండు ఖాళీ, ఏడు నిండు..." నాజియా వింటూ సుత్తితో రంధ్రాలు కొట్టింది. చివర ఆమె తిరిగి చెబితే లక్ష్మక్క గ్రాఫులో చూసింది. వేగం సగానికి పడింది. ఇద్దరూ పొద్దున ఐదుకే లేచి కూర్చోసాగారు.

పందొమ్మిదో రోజు నాజియా అప్పటిదాకా చేసినవాటిని సరిచూస్తూ ఒక పని చేసింది. ముందు నుంచి చూస్తే కళ్లు అలవాటు మీద జారిపోతున్నాయని, చివరి అట్ట నుంచి వెనక్కి చూడటం మొదలుపెట్టింది. మూడు వందల ముప్పై ఆరో అట్ట దగ్గర ఆగింది. ఉడుత వెనక కాలు ఉండాల్సిన చోట లేదు. అక్కడి నుంచి పదకొండు అట్టలు ఒక రంధ్రం పక్కకు జరిగి ఉన్నాయి. మాత్రలు లేని మొదటి రోజు సాయంత్రం కొట్టినవి అవి. పుల్లయ్య వాటిని చూశాడు, పట్టుకోలేకపోయాడు.

ఆమె ఆ పదకొండింటినీ రెండోసారి లెక్కపెట్టింది. తర్వాత, ఇంతకుముందు ఎప్పుడూ జరగనిది ఒకటి జరిగిందని తట్టింది.

"అక్కా, తప్పు దొరికింది. మగ్గం ఎక్కకముందే దొరికింది."

"ఎవరు పట్టినారు?"

"నేనే."

లక్ష్మక్క అట్టల దారం విప్పింది. పదకొండు అట్టలూ కొత్తగా కొట్టి, మళ్లీ కుట్టేసరికి పొద్దు వాలింది. మరుసటి ఉదయం నాజియా పాత అట్టలు కూడా పట్టుకుని పుల్లయ్య దగ్గరికి పోయి, తప్పు ఎక్కడుందో తనే చూపించింది. దాచి ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. పుల్లయ్య భూతద్దం పెట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన చూశాడు. భూతద్దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిగిలినవి తేవద్దు," అన్నాడు. "నేరుగా మగ్గం కాడికే తీసుకొనిరా."

ఇరవై మూడో రోజు ఆరు వందల నలభై అట్టలూ పూర్తయ్యాయి. గడువుకు ఒక రోజు ముందు.

అట్టలు దేవదాసు మగ్గం ఎక్కాయి. పుల్లయ్య దగ్గర వెడల్పు అంచులు నేసేది ఆయనే. ఆ రోజు ఆ ఇంట్లో నిలబడటానికి జాగా లేదు. పుల్లయ్య వచ్చాడు. కంటికి నల్లద్దాలతో ఉలిగప్ప వచ్చాడు. ఆయన్ను నాజియా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెనుకొండ నుంచి బుడన్‌సాబ్, జమ్రూద్ వచ్చారు. మంజుల సెలవు పెట్టి హిందూపురం నుంచి వచ్చింది.

దేవదాసు తొక్కాడు. మొదటి అట్ట తిరిగింది. జరీ ఒక వరస పడింది. తర్వాత ఇంకొకటి. గంటసేపు తీగ తప్ప ఏమీ కనబడలేదు. మెల్లగా ఒక తోక లేచింది, వీపు వంగింది, మూడు చారలు వచ్చాయి. వెనక కాలు వచ్చింది. మధ్యాహ్నం దాటాక మొదటి ఉడుత మొత్తం బట్ట మీదికి వచ్చి, ముందున్న గుమ్మడిపువ్వు వైపు మూతి చాచింది. దేవదాసు తొక్కడం ఆపి, కాళ్లు దించుకుని కూర్చున్న మగ్గం గుంతలోంచి తలెత్తాడు.

"ముప్పై ఏండ్లుగా నేస్తాండా. ఇంత సాఫీగా దిగిన డిజైను చూడలా," అన్నాడు.

ఉలిగప్ప నల్లద్దాలు తీశాడు. వంగి, మూతి దగ్గర్నుంచి తోకదాకా కళ్లతో నిదానంగా నడిచాడు. ఆపరేషను తర్వాత ఆయన దగ్గరగా చూసిన మొదటి బొమ్మ అది.

"పాపా, ఈ గ్రాఫు కింద పేరు రాసినావా?" అని అడిగాడు.

"నీ పేరు రాసినా తాతా. ఎప్పుడూ రాసేది అదే కదా."

"కొట్టేయ్. నీ పేరు రాయి."

పుల్లయ్య తన చొక్కా జేబులోని పెన్ను తీసి ఆమెకిచ్చాడు. మగ్గం చట్రం మీద గ్రాఫు పెట్టుకుని, అందరూ చూస్తుండగా నాజియా తన పేరు రాసింది. జమ్రూద్ కొంగుతో మొహం తుడుచుకుంది. మంజుల గోడకు ఆనుకుని నవ్వుతూ ఉండిపోయింది.

ఆ ఎండాకాలంలో ఉడుతల అంచు పద్నాలుగు మగ్గాల మీద నడిచింది. పక్క వీధుల షావుకార్లు కూడా నాజియా కోసం రాసాగారు. ఆమె అందరికీ ఒకటే చెప్పేది: పని ముక్కలు ముక్కలుగా ఇస్తాను, మూడు రోజులకొకసారి వచ్చి చూసుకోండి. వాళ్లకు అది కొత్తగా ఉండేది. రెండు మూడు నెలలకు అదే మంచి పద్ధతి అని మిగతా డిజైనర్లను కూడా అట్లాగే అడగడం మొదలుపెట్టారు. లక్ష్మక్కకు అట్టలు కుట్టే పని ఎంత పెరిగిందంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుంది.

ఒకరోజు బుడన్‌సాబ్ దూది కోసం హిందూపురం వెళ్లాడు. మెయిన్ బజారులో ఒక చీరల దుకాణం అద్దాల్లో, ఎర్రటి పట్టుచీర అంచు మీద ఉడుతలు కనిపించాయి. అట్లాంటి దుకాణంలోకి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. చొక్కా మీది దూది దులుపుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు.

"ఆ చీర చూడాలప్పా."

కుర్రాడు ఆయన్ను పైకీ కిందికీ చూసి, చీర తెచ్చి రెండు మడతలు విప్పాడు.

"అంతా తీయి. పొడుగంతా."

చీర తెల్లటి పరుపు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా పరుచుకుంది. బుడన్‌సాబ్ మోకాళ్ల మీద కూర్చుని, అంచు వెంబడి చేత్తో తాకకుండా చూస్తూ జరిగాడు. ఒక్కో ఉడుత దగ్గర ఆగాడు. చివరిదాకా వెళ్లి, అన్నీ మొదటిదానిలాగే ఉన్నాయని చూసుకున్నాడు.

"ఎవరికి తాతా? పెండ్లికా?" అని కుర్రాడు అడిగాడు.

"కొనేదానికి రాలేదప్పా. ఇది మా పాప ఏసింది. మా నాజియా."

కుర్రాడు లోపలికి తిరిగి యజమానిని పిలిచాడు. యజమాని వచ్చాడు, గల్లాపెట్టె దగ్గర ఉన్నవాళ్లు వచ్చారు, చీరలు చూస్తున్న ఆడవాళ్లు నలుగురు లేచి వచ్చారు. పరుపు చుట్టూ అందరూ వంగి చూశారు. బుడన్‌సాబ్ వాళ్లకు ఏ చార ఎట్లా వస్తుందో, ఒక్క అట్ట తప్పితే ఏమవుతుందో, కూతురు చెప్పగా విన్నదంతా చెప్పాడు. చివరికి కుర్రాడు చీర మడతపెట్టడానికి కొంగు అందుకున్నాడు.

"ఇంగ కొంచేపు ఉండనీప్పా," అన్నాడు బుడన్‌సాబ్.